బీరువా తలుపు లోపలి పసుపు

చెక్క బీరువాకు కొత్తగా రంగు వేయించాలనుకుంటే అంగట్లో మీరు మొదట అడిగేదేమిటి? ఎంత మెరుస్తుందనే కదా? మొన్న సుచిత్ర చౌరస్తాలోని రంగుల దుకాణంలో నేను అడిగింది వేరు. పసుపు మరక చెరిగిపోకుండా దాని మీద కొట్టగలిగే రంగు కావాలన్నాను. దుకాణదారు నన్ను ఎగాదిగా చూసి, "మరక పొయ్యేది అడుగుతరు గని సార్, ఉండేది ఎవ్వలడగలే" అని నవ్వాడు.

బీరువా మా నాయిన మేడ్చల్‌లో చేయించిన టేకుది. కోడలు దాన్ని తన గదిలో పెట్టుకుంటానంది, అయితే తెల్లగా ఉండాలంది. బయట ఏ రంగు వేసినా నాకు అభ్యంతరం లేదు. ఎడమ తలుపు లోపలివైపు, కంటి ఎత్తున, వంకరగా సాగిన పసుపు బొట్టు ఒకటుంది. దాన్ని ముట్టుకోవద్దన్నాను. జన్మంతా బొట్లనూ ముహూర్తాలనూ ఎదిరించిన మామ నోట ఈ మాట విని కోడలు చేతిలోని గరిటెతోనే వచ్చి ఆ తలుపు తీసి చూసింది.

అది మా మేనత్త పెట్టిన బొట్టు. ఆమెను శామీర్‌పేటకిచ్చారు. భర్త పోయాక అత్తవారు ఉండనియ్యకపోతే తిరిగి మా ఇంటికి వచ్చింది. జొన్నరొట్టె అంచు విరిచి నెయ్యి రాసి నా నోట్లో పెట్టేది ఆమే, నా అల్లరికి అడ్డొచ్చి అమ్మ చేత తిట్లు తినేదీ ఆమే. ఆమె కొంగు పట్టుకుంటే పొయ్యి పొగ, పచ్చి శనగల వాసనలు వచ్చేవి. ఇంటికి కొత్త వస్తువు ఏదొచ్చినా పసుపు కుంకుమ పెట్టడం మా వైపు ఆచారం. ఆ సమయానికి అత్తకు వంటింట్లో ఏదో పని దొరికేది. ఎవరూ పొమ్మనకపోయినా తానే వెళ్ళేది. పొమ్మనే అవసరం లేకుండా చేయడమే ఇలాంటి ఆచారాల బలం.

బీరువా వచ్చిన రోజున నాయిన పసుపు గిన్నె తెచ్చి అత్త చేతికిచ్చాడు. పక్కింటి పెద్దమ్మ ఊరుకుంటుందా? "బొట్టు లేనామె తోని బొట్టు పెట్టిస్తరా? చోద్యం గాకుంటే ఏంది!" అంది. నాయినది పెద్ద గొంతు. "పెట్టిన చెయ్యి ఎవల్దో చెక్కకేం ఎరుక వదినా? మా అక్క పెట్టకుంటే గీ బీరువకు బొట్టే లేదు, నీ ఇంటికి తీస్కపోయి పెట్టుకో" అన్నాడు. అందరూ నవ్వారు, అత్త తప్ప. ఆమె వేలు ముంచి, తలుపు దాకా చెయ్యెత్తి, దించేసింది. తర్వాత తలుపు తెరిచి లోపలివైపు పెట్టింది. ఎవరైనా ఆపుతారన్నట్టు గబుక్కున వేలు లాక్కోవడంతో బొట్టు జారింది. "బయట పెట్టక్కా" అని నాయిన అంటే, "లోపలుంటేంది తమ్మీ, పెట్టిన గద" అంది. ఆ సాయంత్రం దాకా ఆ వేలు కడుక్కోలేదు. గడప మీద కూర్చుని దాన్నే చూసుకుంటూ ఉండిపోయింది.

తలుపు ఎప్పుడూ మూసే ఉండటం వల్ల ఎండ తగలక ఆ పసుపు ఇంతకాలం మిగిలింది. ఇక రోజూ తలుపు తీస్తుంటే చెయ్యి తగిలి రాలిపోతుంది, పైన పూత తప్పదు. బ్రష్షు పెడితే పూసుకుపోతుంది కాబట్టి స్ప్రే గన్నుతో కొట్టే పారదర్శకమైన రంగే కావాలి. దూలపల్లిలోని పెయింటరు షెడ్డులో చెక్కముక్కల మీద పసుపు పూసి, అతని చేత ఒక్కో రకం కొట్టించాను. థిన్నరు కలిపే లక్కరు పూతకు పసుపు కరిగి చుట్టూ పాకింది. నీళ్ళు కలిపే రకం కొట్టగానే పసుపు ఎర్రబడింది, అచ్చం పారాణిలా. "అవ్వ మహిమ సార్!" అన్నాడు పెయింటరు. మహిమ కాదు, పసుపులో సున్నం కలిపితే ఎర్రబడినట్టే ఆ రంగులోని క్షారానికి ఎర్రబడిందని చెప్పాను.

కోడలు ఆ ముక్కను చేతిలోకి తీసుకుని, "గిదే కొట్టిద్దాం మామా. బతికున్నప్పుడు ఎరుపు ముట్టనియ్యకపోతిరి, ఇప్పుడన్న ఉండనియ్యి" అంది. మనసు లాగింది. కానీ పోయిన మనిషికి మనమిచ్చే ఎరుపు ఆమెకు అందదు, మన మనసుకే అందుతుంది. ఆమె పెట్టింది పసుపు. పసుపే ఉండాలి. చివరికి పీయూ మ్యాట్ అనే మెరుపు లేని పారదర్శక పూత ఎంచుకున్నాను. పసుపు తడిసేలోపే ఆరిపోయేలా దూరం నుంచి పలచగా కొట్టి, ఆరనిచ్చి, మళ్ళీ కొట్టమన్నాను. అంచు కాస్త పాకింది. వేలి గుర్తు మాత్రం నిలిచింది.

మళ్ళీ కొత్త సామాను వచ్చినప్పుడు బయటే పెట్టించాలని నాయిన అనుకున్నాడు. నా పెళ్ళిలో ఆమెనే ముందు నిలబెట్టాలని నేననుకున్నాను. ఇద్దరం ఇలాంటి ఆచారాల మీద సభల్లో గంటలు గంటలు వాదించినవాళ్ళమే. కొత్త సామానూ, పెళ్ళీ వచ్చేసరికి ఆమె లేదు. న్యాయం మన వైపే ఉందని కాలం ఆగి ఎదురుచూడదు. ఈ ఆచారాన్ని మానగలిగితే పూర్తిగా మానండి. మానలేకపోతే, మీ వంటింట్లో తప్పుకుని నిలబడ్డ ఆ మనిషిని ఇవాళే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురండి, అందరికంటే ముందు నిలబెట్టండి.