సైకిల్లో కీచుమనే చప్పుడు

ఈ ఉదయం వార్డులో మందుల ట్రాలీ చక్రం కీచుమంటుంటే అందరూ విసుక్కున్నారు. నేను మాత్రం నడవలోనే కాసేపు నిలబడిపోయాను. నాలుగేళ్ల క్రితం, ఇక్కడే ఈ గల్ఫు ఊరు సోహార్‌లో, అచ్చం ఇలాంటి చప్పుడొకటి వేసవంతా మా ఇద్దరినీ కాల్చుకు తింది.

మా ఆయన ఉక్కు ప్లాంటులో పనిచేసేవారు. ఊరికి వెళ్లిపోతున్న కేరళ స్నేహితుడొకాయన తన రోడ్డు సైకిలు ఈయనకి ఇచ్చి వెళ్లాడు. వంపు తిరిగిన హ్యాండిలు, వేలంత టైర్లు, ఈయన బరువుకి విరుగుతుందేమో అనిపించే సన్నపు సీటు. బొజ్జ తగ్గుతుంది కదా అని నేనూ సంతోషించాను. ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం తెల్లారేసరికి స్నేహితులతో సముద్రం పక్క రోడ్డు మీద ఒక రౌండు కొట్టొచ్చి, స్నానం చేసి, నాతో చర్చిలో ఆరాధనకి వచ్చేవారు. ఒక వారం దిగులుగా తిరిగొచ్చారు. "నా బండిలో పిట్ట అరుస్తోందంట, వెనకొచ్చేవాళ్లు నవ్వుతున్నారు," అన్నారు. అక్కణ్ణుంచి మొదలైంది. గొలుసు డీజిలుతో కడిగారు, నూనె వేశారు, ఆఖరికి కొత్తదే మార్చారు. పెడళ్లు విప్పి గ్రీజు రాశారు. సీటు గొట్టం పీకి, తుడిచి, మళ్లీ బిగించారు. హాలంతా డీజిలు వాసన, నా తెల్ల దుప్పటి మీద నల్లటి వేలిముద్రలు. నేను నర్సు డ్యూటీ దిగొచ్చి చెప్పులు విప్పకముందే పిలుపు వచ్చేది.

"ఏమే, ఒక్కసారి విను. పోయిందా?"

"పోలేదండీ."

మళ్లీ విప్పడం.

ఒక రోజు కాళ్లు వాచిపోయి ఇంటికొచ్చాను. ఆ పిలుపు వినగానే ఒళ్లు మండింది. "వినడానికి నా చెవులే కావాలా? మీకు లేవా?" అని కసిరాను. ఆయన తల దించుకుని గొలుసే తుడుస్తున్నారు. ఆ మొహం చూసి జాలేసి, బ్యాగులోంచి స్టెతస్కోపు తీసి నేల మీద చతికిలబడ్డాను. సైకిలుని తలకిందులుగా నిలబెట్టి ఆయన చేత్తో పెడలు తిప్పుతుంటే, రోగిని చూసినట్టు ఒక్కొక్క చోటా బిళ్ల ఆనించాను. పెడళ్ల ఇరుసు బాగానే ఉంది. వెనక చక్రం ఇరుసూ బాగానే ఉంది. గేర్ల కింద గొలుసుని లాగిపట్టే బుల్లి పళ్లచక్రాలు రెండుంటాయి. వాటి దగ్గరకి రాగానే చెవులు చిల్లులు పడేలా కీచుమంది.

"దొరికింది, వినండి!" అంటూ స్టెతస్కోపు ఆయన చెవులకి పెట్టి, పెడలు నేను తిప్పాను. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు.

"గొలుసు గరగర వినపడుతోంది. కీచుమనేదేదీ?"

నా చేయి ఆగిపోయింది. "ఎప్పట్నుంచండీ?"

"ఏడాదై ఉంటుంది. ఫోను మోగినా తెలియట్లేదు. నీకు చెబితే ఆసుపత్రికి లాక్కెళ్తావు, అక్కడ తేలితే కంపెనీ ఇంటికి పంపేస్తుంది."

ఆ బుల్లి చక్రంలో రెండు చుక్కల నూనె వేస్తే చప్పుడు పోయింది. మర్నాడే ఆయన్ని లాక్కెళ్లాను. ప్లాంటు హోరుకి సన్నటి శబ్దాలు వినే శక్తి పోయిందని, తిరిగి రాదని చెప్పారు డాక్టరు. రిపోర్టు పట్టుకుని ఆయన సూపర్‌వైజరు దగ్గరకి వెళ్లిన రోజున నేను అటక మీది సూట్‌కేసు దింపి, దుమ్ము తుడిచి, దాని పక్కనే కూర్చున్నాను. పంపించలేదు. హోరెత్తే మిల్లులోంచి సామాన్ల స్టోరుకి మార్చారు.

ఇప్పుడు ఆయన చెవులకి మిషన్లున్నాయి. అయినా నేను ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా, ఒక్కో మాట రెండుసార్లు చెబుతాను. అలిసిపోయిన రోజున విసుగూ వస్తుంది. కాలం మనిషి దగ్గర్నుంచి ఒక్కొక్కటే ఇంత మెల్లగా తీసుకెళ్తుంటే, ఒకే గదిలో పడుకునేవాళ్లకి కూడా తెలియదు మరి.