వాన కొలిచే బావగారు

మా ఆవిడ అన్నయ్య ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకటే పని చేస్తున్నాడు. పొద్దున్న ఎనిమిదిన్నరకి విశ్వవిద్యాలయం వెనక గడ్డినేలలో పాతిన వానకొలమానం దగ్గరికి వెళ్లి, పైనున్న గరాటు ఎత్తి, లోపలి సీసాలో చేరిన నీళ్లను గాజు కొలపాత్రలోకి వంచి, రిజిస్టర్లో ఒక అంకె వేస్తాడు. చుక్క పడని రోజున సున్నా వేస్తాడు. సున్నాకి కూడా సీసా తీసి చూడాల్సిందే.

"ఎండ మాడ్చేస్తుంటే మళ్లీ వంగి చూడ్డమెందుకు బావా?" అని అడిగాను ఒకసారి.

"పడలేదని మీకు తెలుసు బావగారూ. సీసాని కూడా అడగాలిగా" అన్నాడు.

ఉద్యోగం భూగోళశాఖలో అటెండరు. క్యాంపస్ అంతా వానాయన అంటారు. నేను అక్కడే ప్లానింగు సెక్షన్లో సూపరింటెండెంటుని.

రెండేళ్ల కిందట మా విశ్వవిద్యాలయానికి ర్యాంకు జ్వరం పట్టింది. ప్రపంచంలో మొదటి ఐదువందల్లో మనం ఉండాలన్నారు. దానికో ప్రత్యేక విభాగం, దానికో డైరెక్టరు, ఆయన గదికి గాజు తలుపు. ఆ తలుపు తోయాలో లాగాలో తెలియక సగం మంది బయటి నుంచే దండం పెట్టి వచ్చేసేవారు.

ఒకరోజు డైరెక్టరుగారు నన్ను పిలిచి కంప్యూటరు నావైపు తిప్పారు.

"మన దగ్గర ఇంత పెద్ద శాస్త్రవేత్త ఉన్నారు, ఆయన గది ఎక్కడో ఒక్కరికీ తెలీదంటున్నారు. పధ్నాలుగు వందల మంది పరిశోధకులు తమ వ్యాసాల్లో ఈయన పేరు చెప్పుకున్నారండీ. మీరు కాస్త వెతికి తీసుకురండి."

తెరమీద మా అత్తగారి ఇంటిపేరు, దాని పక్కన మా బావగారి పేరు ఉన్నాయి. రెండుసార్లు చదివాను. కళ్లజోడు తుడుచుకుని మూడోసారి కూడా చదివాను.

విషయం ఏమిటంటే, కాలం చేసిన భూగోళశాఖ పెద్ద ప్రొఫెసరుగారికి ఒక పట్టుదల ఉండేది. కొలిచినవాడి పేరు లేకుండా కొలత అచ్చెయ్యకూడదని. ఆయన రాసిన ఏడు వ్యాసాల్లోనూ తన పేరు పక్కన అటెండరు పేరు వేశారు. ఒక్క రోజు కూడా ఖాళీ లేని వాన లెక్క అరుదట. అందుకని ఎక్కడెక్కడి వాళ్లో దాన్ని వాడుకున్నారు. ఈ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు, మా బావగారితో సహా.

తీసుకెళ్లాను. డైరెక్టరుగారు లేచి నిలబడి చెయ్యి కలిపారు.

"పీహెచ్‌డీ ఎక్కడ చేశారు సార్?"

బావగారు నావైపు చూశాడు. నేను గోడ గడియారం వైపు చూశాను.

"పదో తరగతి రెండుసార్లు చేశానండి" అన్నాడు.

డైరెక్టరుగారు కూర్చుని, ర్యాంకు ఫారం ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ తిరగేశారు. చివరికి, "ఇందులో చదువు అడగలేదు" అన్నారు తేలిగ్గా. "కొత్తగా కట్టే అంతర్జాతీయ కేంద్రంలో మీకో గది ఇస్తాం. ఏసీ గది."

"ఎక్కడ కడుతున్నారండి?" అని బావగారు అడిగితే, వెనక గడ్డినేలలో అన్నారు.

ఇక్కడ నా సంగతి చెప్పుకోక తప్పదు. ఆ కేంద్రానికి స్థలం చూపించిన పటం మా సెక్షన్‌దే. వెనక గడ్డినేల మీద 'ఖాళీ స్థలం' అని రాసి, కింద సంతకం పెట్టింది నేనే.

"అక్కడ నా గరాటు ఉందండి" అన్నాడు బావగారు.

"ఇంక మీరు కొలవక్కర్లేదు సార్. మీ పేరు చాలు."

బయటికొచ్చాక మెట్ల మీద ఆగాడు. "నేను కావాలట, నేను చేసే పని వద్దట. మీకేమన్నా అర్థమైందా బావగారూ?"

"ప్లానింగులో ఇరవై ఏళ్ల నుంచి ఉన్నా. నాకూ అర్థం కాదు."

ఇంట్లో మా ఆవిడ మాత్రం ఒక్క ముక్కలో తేల్చింది. "మా అన్నయ్య పుణ్యమా అని మీ యూనివర్సిటీకి పేరొస్తే, మీరేమో మా అన్నయ్య కాళ్లకింద నేల పటంలోంచి చెరిపేశారు. అన్నం పెట్టమంటారా, పటంలో గీసుకుంటారా?"

మర్నాడు గరాటుకి వేరే చోటు వెతికాం. పక్కనున్న కట్టడం ఎత్తుకి కనీసం రెట్టింపు దూరంలో ఉండాలట. లేకపోతే గోడ వానని అడ్డుకుంటుంది. అలాంటి జాగా మెయిన్ బిల్డింగు ముందున్న పచ్చిక ఒక్కటే. శాస్త్రవేత్తగారి పరికరం కదా, అతిథులకి చూపించుకోవచ్చని డైరెక్టరుగారు ఒప్పుకుని రెండో గరాటు పెట్టించారు.

అయినా బావగారికి కునుకు పట్టలేదు. రెండు గరాట్లూ ఏడాదైనా కలిసి పనిచెయ్యాలి. ఒకే వానకి ఆ చోటెంత, ఈ చోటెంత అన్న తేడా తెలిస్తేనే పాత లెక్కకి కొత్త లెక్క అతుకుతుంది. లేకపోతే ముప్పై ఒక్క ఏళ్లూ అక్కడికి తెగిపోయినట్టే. పునాది తవ్వడానికి ఇంక పన్నెండు రోజులే గడువు.

"ఏడాది ఎలాగూ కుదరదు. ఒక్క వాన, ఒక్కటంటే ఒక్కటి పడితే చాలు" అనేవాడు. ఆకాశమేమో కడిగిన పళ్లెంలా ఉంది.

పదకొండో రోజు పొద్దున్న ఏడింటికి నేను చేసిన పని ఇప్పటికీ మా పిల్లలకి చెప్పలేదు. టీ గ్లాసుతో నీళ్లు తీసుకెళ్లి వెనక గరాటులో ఒక గ్లాసు, ముందు గరాటులో ఒక గ్లాసు పోశాను. ఎవరి సొమ్ము పోయింది, మనిషి కుదుటపడతాడు కదా అనుకున్నాను. రెండోచోట తోటమాలి దగ్గడం విని గబగబా పొయ్యబోతే కొంచెం ఒలికింది.

తొమ్మిదింటికి బావగారు నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"వెనక ఏడున్నర మిల్లీమీటర్లు, ముందు ఏడు. గడ్డి మాత్రం పొడిగా ఉంది. గరాట్లో మాత్రమే కురిసిందా ఏమిటి?"

ఒప్పేసుకున్నాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. కుర్చీ లాక్కుని కూర్చుని, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"కొలత నిజమే. నీళ్లూ నిజమే. వాన కాదు. మరి నన్ను శాస్త్రవేత్త అని వాళ్లు రాసుకున్నది ఏ లెక్కలో వేసుకోవాలి బావగారూ?"

ఫైళ్లు సర్దుకున్నాను. ఆ రోజు పాత రిజిస్టర్లో రెండు చోట్లకీ సున్నాలే వేశాడు.

పన్నెండో రోజూ పడలేదు. పదమూడో రోజు పొద్దున్న యంత్రం వచ్చి పాత గరాటు చోట గొయ్యి తీసింది. మధ్యాహ్నం రెండింటికి, ఎవరో పిలిచినట్టు, గంటసేపు ఏకధాటిగా వాన. డైరెక్టరుగారు గాజు తలుపులోంచి చూస్తూ పునాదిలో నీళ్లు చేరుతున్నాయని ఫోన్లో గోల పెట్టారు. బావగారు గొడుగు లేకుండా గోతికీ పచ్చికకీ మధ్య నిలబడ్డాడు, ఎటు వెళ్లాలో తెలియనట్టు.

మర్నాడు ఎనిమిదిన్నరకి కొత్త గరాటు దగ్గర కొత్త రిజిస్టరు తెరిచాడు. మొదటి పేజీ, మొదటి గీత.

"దీనికీ ముప్పై ఏళ్లు నిండితేగాని విలువ రాదు బావగారూ. నాకేమో పధ్నాలుగు నెలల్లో రిటైర్మెంటు."

"నాకింకా తొమ్మిదేళ్ల సర్వీసుంది" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

కొలపాత్ర నా చేతికిచ్చి నీళ్లు వంపించి, దాన్ని నేలమీది పలక మీద పెట్టించాడు. పైనుంచి చూసి పంతొమ్మిది అన్నాను.

"వంగండి" అన్నాడు. "ఇంకా. మోకాళ్ల మీద కూర్చోండి, ప్యాంటు మాస్తే ఉతుక్కోవచ్చులెండి. ఇప్పుడు చెప్పండి."

"పద్దెనిమిదిన్నర?"

"మళ్లీ చూడండి."