ముట్టని గావా

నా ప్రయాణమంతా ఒక బటన్ మీద ఆగిపోయింది. ఆ బటన్ నన్ను పనిలో పెట్టుకున్న మా కఫీల్ ఫోనులో ఉంది. నా వీసా ఆయన పేరు మీద ఉంది కాబట్టి, నేను ఊరికి పోయి మళ్లీ రావాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ అనుమతి ఆయనే ఇవ్వాలి. ఒకప్పటిలా ఆఫీసుల చుట్టూ తిరిగే పని లేదు. ఫోను తీసి నొక్కడమే. ఆ నొక్కడానికే ఆయనకు తీరిక దొరకలేదు.

అక్కడ కడపలో నా భార్యకు నెలలు నిండుతున్నాయి. అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ నేను ఇక్కడే, సౌదీ తబూక్‌లో, ఎవరి పొలంలోనో పంపు విప్పుకుంటూ ఉన్నాను. ఈసారి కాన్పుకు పక్కనే ఉంటానని మాటిచ్చాను. పెళ్లయినప్పటి నుంచీ ఆమె నన్ను కోరిన కోరిక అదొక్కటే.

కఫీల్‌ని అడిగితే, "ఇన్షా అల్లా. ముందు ఆ బందూక్ సంగతి తేలనీ" అనేవాడు.

ఆయనకు వాడిన సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఒకటి కావాలి. ఒకసారి పేల్చగానే తరవాతి తూటా దానంతటదే ఎక్కే రకం. లైసెన్సు ఉంది, డబ్బుంది, షాపులో కొత్తది కొనుక్కోవచ్చు. కానీ పాతవాటిలో ఉన్న ఇనుము కొత్తవాటిలో లేదని ఆయన గట్టి నమ్మకం. కాబట్టి ఎవరింట్లోనో ఉన్నదాన్ని వెతికి పట్టుకోవాలి. దాన్ని పరీక్ష చేసి మంచీచెడ్డా చెప్పే పని నాది.

నేను డీజిల్ ఇంజన్లు, పొలం పంపులు బాగుచేసేవాణ్ణి. చేరిన కొత్తలో కఫీల్ పాత రైఫిల్‌లో ఇసుక ఇరుక్కుంటే శుభ్రం చేసి నూనె రాసిచ్చాను. కొరివితో తల గోక్కున్నానని అప్పుడు తెలియలేదు. "ముదీర్, నాకు తుపాకుల గురించి తెలీదు" అని ఎంత మొత్తుకున్నా, "ఇనుము ఇనుమే" అనేవాడు. మా లాంటి పరాయి దేశస్థులకు తుపాకీ లైసెన్సే ఇవ్వరు. దాన్ని చేతిలోకి తీసుకోవాలంటేనే నాకు చెమటలు పట్టేవి.

మొదటి శుక్రవారం నమాజు తరవాత ఒకరింటికి వెళ్లాం. రైఫిల్ చెక్క మడమ మధ్యలో విరిగితే జిగురు పెట్టి అతికించి, పైన రంగు పూశారు. నేను ఉన్నదున్నట్టు మజ్లిస్‌లో, అతిథులు కూర్చునే గదిలో, అందరి ముందూ చెప్పేశాను. ఇంటాయన ముఖం మాడిపోయింది. తిరిగి వస్తున్నంతసేపూ కఫీల్ నన్ను చీవాట్లు పెట్టాడు. "అన్నం పెట్టిన మనిషి పరువు అతని గుమ్మంలోనే తీస్తావా?"

మాకు మాత్రం తెలియదా! తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని మా అవ్వ రోజూ చెప్పేది. కానీ నన్ను తీసుకెళ్లిందే ఆ వాసాలు లెక్కపెట్టడానికాయె.

అప్పుడు ఆయనే ఒక సైగ కనిపెట్టాడు. ఇక్కడ గావా, అంటే వీళ్ల యాలకుల కాఫీ, చిన్న పింగాణీ కప్పులో పోస్తారు. చాలు అనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపి ఇచ్చెయ్యాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. "బందూక్ బాగుంటే కప్పు ఊపు. బాగులేకపోతే ఊపొద్దు. నోరు మాత్రం తెరవకు" అన్నాడు కఫీల్.

రెండో శుక్రవారం చూసిన రైఫిల్ బారెల్‌లోకి టార్చి వేస్తే లోపలంతా తుప్పు తిన్న గుంటలు. మాట ప్రకారం కప్పు ఊపలేదు. ఇంటివాళ్లు పోశారు. తాగాను. మళ్లీ పోశారు. కఫీల్ తన ఒంటెల గురించి మాట్లాడుతూ నా వైపు చూడనే లేదు. యాలకులు, చేదు, వేడి. ఆయన చూసేసరికి నా గుండె డీజిల్ ఇంజనులా కొట్టుకుంటోంది.

ఆ రోజు ఇంటికి ఫోను చేశాను.

"వచ్చాండావా, లేదా? సూటిగా చెప్పు" అంది నా భార్య.

"వచ్చాండా. ఈ తుపాకీ యవ్వారం ఒకటి తెగితే..."

"నాకు కడుపైనప్పటినుంచీ తుపాకీ తుపాకీ అంటానే ఉండావు. మీ కఫీల్‌కి పెండ్లాం బిడ్డలు లేరా?"

"ఉండారు."

"అయితే ఆయన కాన్పులప్పుడు యాడుండినాడో అడుగు పో."

అడిగే ధైర్యం నాకెక్కడిది? ఆ కోపమంతా మర్నాడు ఒక పంపు మీద చూపించి, బాగున్న బోల్టు ఒకటి విరగ్గొట్టాను.

మూడో శుక్రవారం ఊరి బయట పొలాలు దాటి, ఎడారి బదూ తెగకు చెందిన ఒక ముసలి పెద్దమనిషి ఇంటికి వెళ్లాం. గావా గింజలు తనే వేయించి, తనే దంచి కాస్తున్నాడు. ఫోనులో చార్జింగ్ అయిపోతే కారులోనే పెట్టి లోపలికి వచ్చాను. పెద్దాయన రైఫిల్ తెచ్చి, మ్యాగజైన్ తీసి, లోపల తూటా లేదని మాకు చూపించి, తనే విప్పి, తూటా వెనక మూతలా బిగిసే బోల్టును నా చేతిలో పెట్టాడు. వెలుతురులో చూస్తానని అన్నీ వాకిట్లోకి తెచ్చుకున్నాను.

చెక్క బాగుంది. బారెల్ లోపల అద్దంలా ఉంది. దేవుడా, ఇదే చివరిది కావాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. కానీ చేతి అలవాటు ఊరుకోనిస్తుందా? ఇంజను హెడ్డు పగిలిందా లేదా అని చూడాలంటే మేం కిరోసిన్ రాసి, బాగా తుడిచి, పైన సుద్ద పూస్తాం. పగులుంటే అందులో దాగిన కిరోసిన్ పైకి ఊరి సుద్ద మీద గీత పడుతుంది. నా పనిముట్ల సంచిలోంచి అవి తీసి బోల్టుకూ అదే చేశాను. బారెల్‌లో బిగుసుకునే చెవుల దగ్గర, వెంట్రుకంత సన్నటి గీత మెల్లగా నల్లబడింది.

ఆ బోల్టును అక్కడే విసిరికొట్టాలనిపించింది. చూడకుండా ఉంటే పోయేది కదా! సుద్ద తుడిచేసి, బాగుందని సైగ చేస్తే కఫీల్ కొంటాడు, బటన్ నొక్కుతాడు, నేను పోతాను. కానీ ఆ పగులు ఏదో ఒక రోజు విచ్చుకుంటుంది. అప్పుడు దాని వెనక ఆయన చెంప ఉంటుంది. మనిషి మీద ఎంత కోపమున్నా అంత పని చేయలేను.

లోపలికి వచ్చి కూర్చున్నాను. పెద్దాయన గావా పోశాడు. పోయిన వారంలా కప్పు మీద కప్పు తాగి చావడం నా వల్ల కాదు. కప్పు ఊపకూడదు, అంతేగా? అసలు తాగకపోతే ఊపే పనే ఉండదు. మహా తెలివిగా ఆలోచించాననుకుని, నిండు కప్పును తివాచీ మీద నా ముందు పెట్టేశాను.

మజ్లిస్‌లో మాటలు ఆగిపోయాయి. కఫీల్ ముఖం పాలిపోయింది.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "గావా తాగు. నీ అవసరం ఏదైనా సరే తీరుతుంది. ఏం కావాలో అడుగు."

వాళ్లలో అదొక మర్యాద. అతిథి కప్పు ముట్టకుండా కింద పెట్టాడంటే ఏదో అడగడానికి వచ్చాడని అర్థం. అతను ఉత్త చేతులతో పోతే అవమానం ఇంటివాడిది. ఇదంతా నాకు తరవాత తెలిసింది. అప్పటికి తెలిసింది మాత్రం, ఇన్ని నెలల్లో మొదటిసారి ఒక మనిషి నన్ను ఏం కావాలని అడిగాడని. బందూక్ మాట నా నోటికి రానే లేదు.

"ఛుట్టీ" అన్నాను. "నా భార్య నెలలు నిండి ఉంది. ఎగ్జిట్ రీఎంట్రీ ఇవ్వడం లేదు."

పెద్దాయన కఫీల్ వైపు చూశాడు. గట్టిగా ఒక్క మాట అనలేదు. "నా ఇంట్లో అడిగాడు" అన్నాడు, అంతే.

కఫీల్ ఫోను తీశాడు. నొక్కాడు. తెర నా వైపు తిప్పి చూపించాడు. నెల రోజులకు రీఎంట్రీ వచ్చేసింది. కప్పులో గావా ఇంకా చల్లారలేదు.

"ఇప్పుడు తాగు" అన్నాడు పెద్దాయన. తాగాను. కళ్ల నిండా నీళ్లు. చెయ్యి తన అలవాటున కప్పును అటూ ఇటూ ఊపింది.

అది చూసి కఫీల్ ముఖం వెలిగింది. "మబ్రూక్, శుభం! బందూక్ తీసుకుంటున్నాం" అంటూ పెద్దాయనకు చెయ్యి చాచాడు.

"వద్దు వద్దు!" అని అరిచాను. "బోల్టు పగిలింది!"

నాకు మేలు చేసిన మనిషి ఇంట్లో, ఆయన గావా ఇంకా గొంతు దిగకముందే, వాసాలు మళ్లీ లెక్కపెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దాయన బోల్టు తీసుకుని, సుద్ద మీది గీతను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. తరవాత తన చెంపను మెల్లగా తడుముకున్నాడు. "దీన్ని నిన్న నేనే పేల్చాను" అన్నాడు. ఆ బోల్టును జేబులో వేసుకుని, నాకు ఇంకో కప్పు పోశాడు.

కారెక్కాక కఫీల్ ఫోనును ఒళ్లో పెట్టుకుని బండి నడిపాడు. పరువు పోయింది, బందూక్ పోయింది, నాకు మాత్రం సెలవు దొరికింది. ఇచ్చింది రద్దు చేయడానికీ అదే ఫోను, అదే వేలు. ఆయన చేతిని చూస్తూ కూర్చున్నాను. నా ఫోను చార్జింగ్ ఎక్కి వెలిగింది. ఇంటి నుంచి వరసగా మిస్డ్ కాల్స్.

చేశాను. నా భార్యే ఎత్తింది. గొంతు నీరసంగా ఉంది.

"ఆడపిల్ల. ఇద్దరం బాగుండాం. నీ ముక్కొచ్చింది. నువ్వు మాత్రం రాల్యా."

ఎగ్జిట్ వచ్చిందని చెప్పాను.

కఫీల్‌కి తెలుగు రాదు, కానీ ఫోనులో బిడ్డ ఏడుపు వినగానే అర్థమైంది. కారు పక్కకు ఆపాడు. ఫోను తీశాడు. తెర మీద నా పేరు. రద్దు చెయ్యి అన్నచోట నొక్కాడు. తరవాత మళ్లీ ఏదో నొక్కి నా ముందు పెట్టాడు. నెల పోయి మూడు నెలలు వచ్చింది.

"మబ్రూక్" అన్నాడు నెమ్మదిగా. "బిడ్డ పేరేం పెడతావు?"

నేను జవాబు చెప్పలేదు. సంతోషం లేక కాదు. ఆయన రెండుసార్లు నొక్కడం నా కళ్లతో చూశాను. అది అంత తేలికైన పని.