దొంగకు పెట్టిన శిరా

ఇప్పుడు మా డోంబివలి ఫ్లాటు తలుపుకి మూడు తాళాలు. ఎదురింటివాళ్ళ పేరేమిటో నాకు తెలియదు, వాళ్ళకీ నా పేరు అక్కర్లేదు. పేపర్లో ఇల్లు దోచుకున్న వార్త కనబడితే చాలు, గిర్‌గావ్‌లో మేముండిన వరసగదుల చాల్ గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటుంది.

నేను కొత్తకోడలిగా అక్కడ అడుగుపెట్టిన రోజుల్లో మా అంతస్తు తాళంచెవులన్నీ వత్సలా కాకూ, అంటే వత్సల పిన్ని, దగ్గరే ఉండేవి. ఆవిడకు మొగుడు పోయాడు, పిల్లలు కలగలేదు. మెట్లెక్కగానే మొదటి గది ఆవిడదే. తలుపు బార్లా తీసి, గుమ్మంలో పీట వేసుకుని బియ్యం ఏరుతూ కూర్చునేది. "ఎవరింటికి నాయనా?" అని అడక్కుండా చీమను కూడా పోనిచ్చేది కాదు. ఇంటివాళ్ళు లేకపోతే తనే తాళం తీసి చుట్టాన్ని కూర్చోబెట్టేది. ఊరి నుంచి వచ్చినవాణ్ణి వరండాలో నిలబెడితే చాల్ మొత్తానికి తలవంపులు.

ఆ ఏడు నగరమంతా దొంగతనాలే. పోలీసులు కిటికీలకు ఊచలు పెట్టించుకోమంటే పెట్టించుకున్నాం. దొంగ మాత్రం పట్టపగలు మెట్లెక్కి మర్యాదగా వచ్చాడు, చేతిలో పనస అప్పడాల పొట్లంతో.

"సామంత్ గారింటికండీ, రత్నగిరి నుంచి" అన్నాడు. ఆ పేరు మెట్ల దగ్గరి బోర్డు మీదే ఉంది. మిగతాదంతా, సామంత్ భార్య కుముద్ పేరుతో సహా, కాకూయే అందించింది.

"అయ్యో, మా కుముద్ అక్కకొడుకువా? వాళ్ళు పెళ్ళికి నాసిక్ వెళ్ళారే! మొహం పీక్కుపోయింది, ఏమన్నా తిన్నావా?"

రవ్వ వేయించి, చక్కెర పోసి, నెయ్యి ఓడేలా శిరా చేసిపెట్టింది. వాడు మారు వడ్డించుకుని, "అచ్చం మా అమ్మ చేసినట్టే ఉంది కాకూ" అన్నాడు. ఆ మాటకి ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. నేను పక్కనే ఉన్నాను. తర్వాత సామంత్‌ల గది తాళం తీసి, చాప పరిచి, పడుకోమంది. సాయంత్రానికి చాప ఉంది, వాడు లేడు. కుముద్ పుట్టింటి నగలూ లేవు.

"ఈసారి దొంగొస్తే టాక్సీ కూడా పిలిచిపెట్టు కాకూ" అని ఎదురుగది బాపట్ ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళే నయం. మిగతావాళ్ళు ముసలామెకి వాటా ఎంతోనని గుసగుసలాడారు. ఒక్కొక్కరే వచ్చి తాళంచెవులు పట్టుకుపోయారు. కుముద్ మాట మానేసింది. కాకూ పగలే తలుపేసుకుంది. మా చాల్లో పగలు తలుపేస్తే ఎవరో పోయారనుకుంటారు. ఆవిడకి జరిగింది అంతకంటే తక్కువేం కాదు.

కొన్నాళ్ళకి వాడు దొరికాడని కబురొచ్చింది. కాకూ, కుముద్, తోడుగా నేను ఠాణాకి వెళ్ళాం.

"భయపడకు ఆజీ, వీడేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"వీడే" అంది కాకూ.

"ఆవిడకేం తెలీదు సార్" అన్నాడు వాడు. "పేర్లన్నీ ఆవిడే చెప్పింది, నేను ఊఁ కొట్టానంతే."

కుముద్ భోరుమంది. "తప్పైపోయింది కాకూ, నిన్ను అనుమానించాను" అంటూ చెయ్యి పట్టుకుంది. కాకూ ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని వాడి దగ్గరికి వెళ్ళింది.

"ఒరే, నగల సంగతి వీళ్ళు చూసుకుంటారు. నాకు ఒక్కటి చెప్పు. మీ అమ్మ చేసినట్టుందన్నావు చూడు, అదీ అబద్ధమేనా?"



సాయంత్రానికల్లా తాళంచెవులన్నీ కాకూ దగ్గరికి తిరిగొచ్చాయి. తలుపూ తెరుచుకుంది. చుట్టాలొస్తే ఎప్పటిలాగే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేది. నేను ఆ చాల్ వదిలి వచ్చేదాకా ఆవిడ మళ్ళీ ఎవరికీ శిరా చెయ్యలేదు.