గోలీ వేసుకొని దీక్షలో కూర్చున్న రోజు

ఒకప్పుడు పొద్దున్నే రెండు షుగరు గోలీలు ఇద్దరి చేతుల్లో పెట్టి, ఆ తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్లేదాన్ని. ఒకటి మా ఆయన యోసేపుకు, ఇంకొకటి మా అత్త బుచ్చవ్వకు. ఇప్పుడు ఒకటే గోలీ. అదీ అత్త రొట్టె సగం తిన్నాకే డబ్బీ మూత తీస్తాను.

మా ఆయన జనగామ మార్కెట్‌లో దడ్వాయి. రైతులు తెచ్చిన ధాన్యం తూకం వేసే పని. బస్తా కాంటా ఎక్కగానే తూకాన్ని రాగం తీసి పలికేవాడు. ఇంట్లోనూ ఆ రాగం వదిలేవాడు కాదు. అన్నం వడ్డిస్తుంటే "ఇంకో గంటె... ఇంకో గంటె..." అని సాగదీసేవాడు. తూకం తప్పు చెప్పాడని ఏ రైతూ అనగా నేను వినలేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. చౌరస్తాలో రిలే దీక్షల డేరా వేశారు. రోజుకో పనివాళ్ల వంతు. ఆ రోజు దడ్వాయిలది. పొద్దున కూర్చుంటే సాయంత్రం ఐదింటికి ఎవరో పెద్దమనిషి నిమ్మరసం ఇచ్చి లేపుతారు. అప్పటిదాకా నీళ్లే.

"తినకుంట గోలీ ఏసుకుంటవా?" అన్నాను.

"డాక్టరేమన్నడు? ఒక్కరోజు గూడ గోలీ ఇడువద్దన్నడు. అన్నం ఇడువద్దన్నడా?"

"వానితోని మాట్లాడి గెలుస్తవా బిడ్డా," అని అత్త నవ్వింది.

షుగరంటే పెరిగేదనే మాకు తెలుసు. తగ్గినా మనిషిని పడగొడుతుందని ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

డేరాలో ఏం జరిగిందో తోటి దడ్వాయి మహిపాల్ తర్వాత చెప్పాడు. మధ్యాహ్నం రెండింటికి ఆయన చేతులు వణికాయట. చొక్కా తడిసి ఒంటికి అంటుకుందట. పైన డేరా గుడ్డను చూస్తూ, "మైపాలూ, గీ వడ్లకుప్ప గాలిల తేలుతున్నది. గిదెట్ల తూసుడురా?" అన్నాడట.

"అన్నకు తెలంగాణ అచ్చినట్టే కలవడ్డది!" అని అందరూ నవ్వారట.

ఎవరో చక్కెర వేసిన నిమ్మరసం తెస్తే మూతి తిప్పుకున్నాడట. "దీక్ష చెడగొడ్తవారా? నాకసలే షుగరు."

పక్కకు ఒరిగిపోతుంటే మహిపాల్ పట్టుకుని, "నీ దీక్ష నేను కూసుంట గని, నువ్వు తాగన్నా," అని బతిమాలి తాగించాడు. కాసేపటికి తేరుకుని నవ్వాడట.

మూడింటికి బండి మీద ఇంటికి తెచ్చాడు. "వదినె, ఎండ గొట్టింది. జర పండుకోనియ్యి."

ఆయన మబ్బుల మీద నడిచినట్టు లోపలికి వచ్చాడు. అన్నం పెడతానంటే, "లేసి తింట, లేపకు," అని చాప మీద వాలాడు. పెంకు సందులోంచి ఒక్క ఎండ గీత పడుతోంది. అందులో ఆయన బట్టల నుంచి లేచిన వడ్ల దుమ్ము మెల్లగా తిరుగుతోంది.

"రేగొండ బస్సెక్కినట్టున్నదే. కిటికీ సీటు దొరికింది," అన్నాడు.

రేగొండ మా పుట్టిల్లు. కొత్తగా పెళ్లైన రోజుల్లోకి వెళ్లాడనుకుని నాకూ నవ్వొచ్చింది. ఆ ఎండ గీతలో నేనూ ఆ బస్సులోనే ఉన్నట్టనిపించింది. నుదుటి చెమట కొంగుతో తుడుస్తూ కూర్చున్నాను. చల్లటి చెమట. అలసట దిగిపోతోందనుకున్నాను.

"లేపి రెండు బుక్కలు పెట్టు," అంది అత్త.

"పండుకోనియ్యి అత్తా."

ఆ మాట నాదే.

దీపాల వేళకు పిలిస్తే పలకలేదు. ఆస్పత్రిలో రక్తం చుక్క చూసి గ్లూకోజు ఎక్కించారు. "ఈ గోలీ ఒంట్లో రోజంతా పనిచేస్తుందమ్మా. నిమ్మరసంతో షుగరు కాసేపు పెరిగినా మళ్లీ పడిపోతుంది. అప్పుడే అన్నం పెట్టి ఇక్కడికి తేవాల్సింది," అన్నాడు డాక్టరు. గట్టిగా కూడా అనలేదు. నాలుగో రోజు, కళ్లు తెరవకుండానే మా ఆయన వెళ్లిపోయాడు.

సమ్మె ముగిసింది. ఇవాళ మధ్యాహ్నం అత్త సగమే తిని కునుకు తీసింది. రెండు రోజులకోసారి వచ్చే నల్లా అప్పుడే వచ్చింది.

"అక్కా, బిందెలు పెట్టవా? నీళ్లు పోతయి!" పక్కింటి చాందీ గోడ మీంచి కేకేసింది.

"పోనియ్యి చాందీ."

అత్త నుదురు తాకి చూశాను. పొడిగానే ఉంది. అయినా భుజం తట్టాను.

"ఏందే, కన్ను మలగనియ్యవా?" అని కసిరింది.

కసరనీ. లేపి కూర్చోబెట్టి, మిగిలిన అన్నం కలిపి తినిపించాను. మళ్లీ కళ్లు మూసింది. మళ్లీ తట్టాను. వాకిట్లో నల్లా సన్నబడి ఆగిపోయింది. బిందెలు నింపలేదు.