గింజ తీసిన కాయతో గుంటూరు నుంచి పేటకి

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది, మార్చి పదిహేను, మంగళవారం, ఉదయం ఆరు గంటలు. చిలకలూరిపేట ఆసుపత్రిలో మనవరాలు పుట్టి గంటయినా కాలేదు, డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది.

"సుగుణ రక్తంలో కామెర్ల పురుగు ఉంది రాహేలమ్మా. బిడ్డకి అంటిందంటే పెద్దయ్యాక కాలేయం తినేస్తుంది. రేపు తెల్లారేలోగా సూది పడాలి. మందు గుంటూరులో ఉంది, షాపు యజమాని ఇంటికి ఫోన్ చేశాను."

సుగుణ నా కోడలు. నా యాభై అయిదో ఏట నా చేత అక్షరాలు దిద్దించిన పిల్ల. నా కొడుకు పత్తి లారీతో నాగపూరు పోయాడు. ఇక వెళ్లాల్సింది నేనే.

"ఆ పురుగునే నా మనవరాలికి పొడుస్తారా?" అన్నాను.

"పురుగు కాదు, దాని పైతొక్క. రొట్టె పొంగించే ఈస్టు చేత తొక్క ఒక్కటే చేయిస్తారు. అది దానంతటదే గుండ్రంగా చుట్టుకుంటుంది, లోపల ఏమీ ఉండదు. ఒళ్లు దాన్ని చూసిపెట్టుకుని, అసలుది వచ్చినప్పుడు తరుముతుంది."

"గింజ తీసిన మిరపకాయన్నమాట. చూడ్డానికి కాయే, నాటితే మొలవదు."

"అంతే. ఇంకో జబ్బు గుర్తుని ఆ తొక్కమీదే అతికించి కూడా చూస్తున్నారు. సరే, బస్సెక్కు. మందు చల్లగా ఉండాలి, కానీ గడ్డకడితే పారెయ్యాల్సిందే."

ఆరూముప్పావు బస్సు. బోర్డులన్నీ కూడబలుక్కుంటూ పోయాను. గుంటూరులో దిగగానే మిర్చి ఘాటుకి నాలుగు తుమ్ములు, తర్వాత రెండు ఇడ్లీలు. షాపు తొమ్మిదిన్నరకి తెరిచారు. మందు ఖరీదు చెబితే మీరు ప్రయాణం మానుకుంటారు, కాబట్టి చెప్పను. ఫ్లాస్కు అడుగున ఐసు, పైన మందంగా దూది, దూదిలో సీసా.

పదిన్నరకి తిరుగు బస్సు. పక్క సీట్లో సుబ్బారావు అని ఒంగోలు వైపు పొగాకు రైతు.

"ఫ్లాస్కులో కాఫీయేనా పిన్నీ? ఒక్క గుక్క పొయ్యి."

"కాఫీ కాదు, కామెర్లు."

అతను సీటు చివరికి జరిగాడు. గింజ లేని కాయ సంగతి చెప్పాక మళ్లీ దగ్గరికొచ్చాడు.

"అయితే ఆ తొక్కమీద మా బావమరిది మొహం అతికించమను. వాడు గుమ్మంలోకి రాగానే ఇంట్లోవాళ్లే తరిమేస్తారు!"

యడ్లపాడు రాకముందే టైరు పేలింది. మారుద్దామంటే బస్సులో ఉన్న స్పేరు టైరు అంతకుముందే పేలి ఉంది. వెనకొచ్చిన బస్సులు కిక్కిరిసి ఆగకుండా పోయాయి. ఒంటిగంటకి ఫ్లాస్కు ఊపితే నీళ్ల చప్పుడు తప్ప ఐసు చప్పుడు లేదు.

సుబ్బారావు సైకిలు మీద పోతున్న పుల్లఐసు అమ్మే అతన్ని పట్టుకొచ్చాడు. "ఉప్పేసిన ఐసు పిన్నీ! ఇందులో పెట్టావంటే రాయైపోద్ది."

"రాయైతే మందు చచ్చిపోద్ది నాయనా!"

"లోపలేమీ లేదన్నావుగా? లేనిది చావడమేంటి?"

"అది డాక్టరమ్మని అడుగు. ముందు ఫ్లాస్కు మీద చెయ్యి తియ్!"

అప్పుడు కనిపించింది రోడ్డు అవతల మిర్చి కోల్డ్ స్టోరేజీ. అలాంటి దాంట్లో రెండేళ్లు కాయలు ఏరాను. వేళ్లు కొంకర్లు పోతాయి గానీ చెంబులో నీళ్లు గడ్డకట్టవు. నాకు కావలసిన చల్లదనం సరిగ్గా అదే.

గేటు దగ్గర వాచ్‌మన్ ఖాసిం అడ్డం నిలబడ్డాడు. "బస్తా లేకుండా లోపలికి పంపనమ్మా."

"ఇదే నా బస్తా."

"ఏ రకం?"

"గింజలేని రకం. నన్ను కాదు, నా మనవరాలి కామెర్లని అడుగు ఏ రకమో."

సంగతంతా విని తనే పట్టుకెళ్లి బస్తాల మధ్య పెట్టాడు. మూడింటికి టైరు వచ్చేదాకా నేను పక్కనే కూర్చుని వణికాను. వెళ్లేటప్పుడు చల్లబడ్డ గోనెపట్టా ఒకటి ఫ్లాస్కుకి చుట్టి ఇచ్చాడు.

నాలుగింటికి ఆసుపత్రి. డాక్టరమ్మ గోనె విప్పగానే గదిలో అందరికీ తుమ్ములు. సీసా వెలుతురుకి పెట్టి ఊపి చూసింది. ముక్కలు కట్టలేదు. అంటే మందు గడ్డకట్టలేదన్నమాట. తుమ్ములాగాక బిడ్డ తొడలో సూది వేసింది. బిడ్డ ముందు తుమ్మి, తర్వాత ఏడ్చింది.

"మందు తెమ్మంటే తాలింపు తెచ్చావా అత్తా?" అంది సుగుణ, కళ్లు తుడుచుకుంటూ.

ఇంకా రెండు సూదులున్నాయి, నెల నిండాక ఒకటి, ఆరు నెలలు నిండాక ఒకటి. ఆ మందుకోసం వెళ్లేవాళ్లకి నా మాట ఇదే: ఐసుని నమ్మకండి, మిర్చి గోడౌన్లు ఎక్కడున్నాయో చూసుకుని బస్సెక్కండి.

ఆ రోజు ఆ గదిలో తుమ్మినవాళ్లం: డాక్టరమ్మ, నర్సు కరుణమ్మ, మంచం మీద సుగుణ, సూది పడేదాకా కదలనని ఒంగోలు బస్సు వదిలేసుకున్న సుబ్బారావు, నేను రాహేలమ్మ, ఇంకా పేరు పెట్టని నా మనవరాలు.