కుప్పమ్మక్క ఎంచిన గొడ్డలి

అట్టపెట్టె చింపగానే గ్రీజు వాసన గుప్పుమంది. వేలూరు పక్క తొరపాడిలో మా ఇంటి వెనక గాలికి పడిపోయిన వేపమానును చీల్చడానికి నా కొడుకు ఫోనులో చూసి తెప్పించిన గొడ్డలి అది. రెండు వైపులా వాదర ఉన్న రకం. చేత్తో పట్టి చూడకుండా గొడ్డలి కొనడమేమిటో నాకు అర్థం కాదు. “పదును పెట్టే పంపిస్తారు నాయనా, అట్లే వాడుకోవచ్చు” అన్నాడు కొడుకు. నేను నమ్మలేదు. పాత లుంగీ ముక్కతో గ్రీజంతా తుడిచి, ఎండలోకి తీసుకుపోయి, వాదరను కంటికి ఎదురుగా పెట్టుకుని చూశాను. సన్నటి తెల్లగీత మెరిసింది. పదునున్న వాదర మీద వెలుగు నిలవదు. నిలిచిందంటే అక్కడ మొండిగా ఉన్నట్టే. ఇది నాకు చెప్పింది కుప్పమ్మక్క. ఆమెను ఎరగనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. యాభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, చుట్టి చెప్పడం నాకు రాదు.

గుడియాత్తంలో కుప్పమ్మక్క కట్టెల మండి నడిపేది, నేను అందులో కూలివాణ్ణి. చెట్లు కొట్టించి, మొద్దులు చీల్పించి, పెళ్లి వంటలకూ హోటళ్లకూ పంపేది. తాను గొడ్డలి ఎత్తి ఒక్క దెబ్బ వేసి ఎరగదు, కానీ మండిలోని ప్రతి గొడ్డలినీ ఎంచిందీ సాన పట్టిందీ ఆమే. నమ్మకమనేది ఆమె దగ్గర బహు తక్కువ. పాలవాణ్ణి నమ్మదు, మబ్బును నమ్మదు, మాతో పనిచేసే సొంత తమ్ముడు దేవరాజును నమ్మదు. ఇంక నా సంగతి చెప్పాలా? పొద్దున మేము బయలుదేరే ముందు ఒక్కొక్క గొడ్డలినీ కామ అనే కర్రపిడి పట్టి ఊపి, తల వదులైందేమో చూసిగానీ పంపేది కాదు. “ఊడి ఎగిరితే పొయ్యేది మీ తలకాయలేరా, నాకేం” అనేది.

ఒడుగత్తూరు దగ్గర చింతమొద్దులు తవ్వి తీసే పని వచ్చినప్పుడు, రెండు వాదరల గొడ్డలి కొందామని నన్ను వేలూరు బజారుకు వెంటబెట్టుకుపోయింది. “గొడ్డలికి వీపుండాలక్కా, ఇది ముందరా కోస్తాది, వెనకా కోస్తాది” అని దేవరాజు అడ్డం చెప్పినా వినలేదు. అంగడాయన ఆరు తీసి పరిచాడు. ఆమె కొంగుతో ఒక్కొక్కదానికీ గ్రీజు తుడిచింది, గ్రీజు కింద బీట దాక్కుంటుందని. కామ దిగే బెజ్జంలో దారం దూర్చి వేలాడదీసి, తాళంచెవితో కొట్టి చెవి పెట్టి వింది. రెండు వాదరలూ బెజ్జమూ ఒకే గీతలో ఉన్నాయా అని ఒక కన్ను మూసి చూసింది. ఆరింటినీ పక్కకు తోసింది.

“ఏమమ్మా, పెండ్లిచూపులా ఇవి?” అన్నాడు అంగడాయన.

“పెండ్లికూతురు కాలు తెగ్గొట్టదు నాయనా. లోపల ఇంకా ఉండాయి గదా, ఎత్తుకోని రాపో.”

తొమ్మిదోది గంటలా మోగింది. దాన్ని తెచ్చి మూడు రోజులు ఆకురాయితో కూర్చుంది. ఒక వైపు పలుచగా, వెంట్రుక తెగేలా అరగదీసింది. రెండో వైపు మందంగానే ఉంచి, ఆ బుగ్గ మీద ఎర్ర రంగు చుక్క పెట్టింది. “ఏకాంబరం, నువ్వు చుక్క వైపుతో వేర్లు నరుకు. రెండో వైపుతో దేవరాజు మొద్దులు నరుకుతాడు” అంది. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. తమ్ముడికి మంచి వైపు, కూలివాడికి మొండి వైపు అనుకున్నాను. ఆ ఏడు మా జట్టుకు మేస్త్రిని పెట్టబోతోంది. నేను వెనకబడితే ఆ పని దేవరాజుకే పోతుంది. అందుకే ఈ ఎత్తు వేసిందని నాకు గట్టిగా తోచింది. ఆదివారం మండిలో ఎవరూ లేనప్పుడు ఆకురాయి తీసి, చుక్క వైపును కూడా కత్తిలా పలుచగా అరగదీశాను.

సోమవారం నాలుగో దెబ్బకు వేరులో ఇరుక్కున్న రాయి తగిలింది. వాదర పెచ్చు లేచి, ఎదురుగా మన్ను లాగుతున్న దేవరాజు కనుబొమ్మలో దిగింది. కన్ను నిండా నెత్తురు. ఆసుపత్రిలో కుట్లు వేశాక గాని కన్ను దక్కిందని తెలియలేదు. కుప్పమ్మక్క వచ్చి గొడ్డలిని చేతిలోకి తీసుకుంది.

“దీనికి ఎవురన్నా ఆకురాయి పట్టినారా?”

“లేదక్కా. ఉక్కే నాసిరకం. ఆ అంగడాయన మోసం చేసినాడు.”

“అట్లనా? అయితే నువ్వూ రా. పొయ్యి అడుగుదాం.”

బస్సులో గొడ్డలిని గోనెసంచిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వేలూరు వచ్చేదాకా ఆమె కిటికీలోంచి చూస్తోందో, కిటికీ అద్దంలో నన్ను చూస్తోందో నాకు తెలియలేదు. అంగట్లో మాత్రం నలుగురూ మూగేలా అరిచింది. అంగడాయన గొడ్డలిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నేనిచ్చినప్పుడు ఈ వైపు ఇట్ల లేదమ్మా. ఎవురో కూరగాయల కత్తి మాదిరి అరగదీసినారు. దొంగను ఇంట్లో పెట్టుకోని నా మీదికి వస్తావా?”

“నోరు జాగర్త! నా మండిలో మనిషి నాకు అబద్ధం చెప్పడు.”

ఆ మాట నేను ఓర్వలేకపోయాను. “నేనేనక్కా. ఆదివారం నేనే అరగదీసినా” అన్నాను. అంగడాయన నవ్వాడు. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. ఆయనతో “తప్పు నాది నాయనా” అని, నన్ను బయట మెట్టు మీద కూర్చోబెట్టింది.

“వేర్లలో రాళ్లుంటాయి. పలచ వాదర నిలబడదు. అందుకురా మందంగా పెట్టింది.”

“ఆ మాట ముందే చెప్పుండొచ్చు గదక్కా.”

“చెప్పకుండేది నా తప్పే. నువ్వు అడిగినావా మరి? నన్ను అనుమానించు, వద్దనలే. నేనూ అందర్నీ అనుమానిస్తా. అయితే మొగం మీదే అడిగేస్తా. నువ్వు కడుపులో పెట్టుకోని ఆకురాయి ఎత్తినావు.”

ఊరికి చేరగానే దేవరాజు ముందు నిలబెట్టి నా నోటితోనే చెప్పించింది. వాడు కట్టు కింది నుంచి నన్ను చూసి, “కన్ను పోయుంటే మా ఇంటిది నాకు సగమే కనబడేది, ఆ సుఖం పాడు చేసినావు గదప్పా” అన్నాడు. మేస్త్రి పని వాడికే ఇచ్చింది. నేను వాడి కింద చాలా ఏళ్లు పనిచేశాను.

అప్పటి నుంచి నేను అనుమానాన్ని లోపల ఉంచుకోను. ఎవరైనా కాగితం ముందు పెట్టి ఇక్కడ వేలిముద్ర వెయ్యమంటే, అందులో ఏముందని అడుగుతాను. చదవడం వచ్చాక కూడా అడుగుతాను. అనుమానపు ముసలోడంటారు, అననీ.

అడగనిది ఒక్కటే ఉండిపోయింది. ఎవరినీ నమ్మని మనిషి ఆ రోజు అంగట్లో ఆ మాట నిజంగా నన్ను నమ్మే అన్నదా, నా నోటి నుంచి నిజం లాగడానికి అన్నదా? ఆమె బతికున్నన్నాళ్లూ ఆ మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయేది. లాగడానికే అని ఉంటే నాకేమీ బాధ లేదు. “నిన్ను నమ్మే అన్నారా” అంటుందేమోనని భయపడి అడగలేదు.